లింక్డిన్ కంపెనీ పేజీలు పట్టుకుని నెదర్లాండ్స్ అంతా తిరగడం ఎలా: స్టెప్ బై స్టెప్ గైడ్

నెదర్లాండ్స్ అనగానే మనకి ట్యూలిప్ తోటలు, గాలిమరలు, ఆమ్స్టర్‌డామ్ కాలవలు, సైకిళ్ళు గుర్తొస్తాయి, ఏ ట్రావెల్ వీడియో చూసినా ఇవే. ఇవన్నీ నిజమే, కానీ అక్కడి జనం పొద్దున లేచి ఏం పనికి వెళ్తున్నారు, ఏ ఊళ్ళో ఏ పని ఉంది, ఆ పని ఆ ఊళ్ళోనే ఎందుకు పుట్టింది అనేది వాటిల్లో దొరకదు. లింక్డిన్‌లో దొరుకుతుంది. అక్కడ కంపెనీయే తన అడ్రస్ చెప్తుంది, ఎప్పుడు మొదలైందో చెప్తుంది, అందులో పనిచేసేవాళ్ళు ఎక్కడ ఉంటున్నారో ఎక్కడ చదివారో వాళ్ళే రాసుకుంటారు. అదంతా ఫ్రీగా మన ముందే ఉంటే మనం మాత్రం దాన్ని ఉద్యోగం వెతుక్కోడానికి మాత్రమే వాడతాం.

ఇక్కడ చెప్పేది ఆ దేశాన్ని కంపెనీల దారిలో ఎలా తిరగాలో. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది, టాప్ కంపెనీల లిస్ట్ పట్టుకుని తిరిగితే దేశం అర్థం కాదు, మ్యాప్ పట్టుకుని తిరగాలి. నెదర్లాండ్స్ చిన్న దేశం, కానీ ఒక్కో మూల ఒక్కో పని చేస్తుంది, ఆ పనికి కారణం చాలాసార్లు నేల కిందో నీళ్ళలోనో ఉంటుంది.

స్టెప్ 1: బయల్దేరే ముందు సెట్ చేసుకోవాల్సినవి

ప్రీమియం అక్కర్లేదు, ఫ్రీ అకౌంట్ చాలు. సెట్టింగ్స్‌లో విజిబిలిటీ కింద ప్రొఫైల్ వ్యూయింగ్ ఆప్షన్ ఉంటుంది, దాన్ని ప్రైవేట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మీరు ఎవరి ప్రొఫైల్ చూసినా వాళ్ళకి మీ పేరు కనిపించొచ్చు. తిరిగి చూడ్డానికి వచ్చాం కాబట్టి అవతలివాళ్ళని కంగారు పెట్టడం ఎందుకు. ప్రైవేట్‌లో ఉంటే ఫ్రీ అకౌంట్‌లో మీ ప్రొఫైల్ ఎవరు చూశారో మీకూ కనపడదు, టూర్ అయ్యాక మార్చుకోవచ్చు.

పక్కన ఇంకో ట్యాబ్‌లో మ్యాప్ తెరిచి ఉంచండి, ఇది మాత్రం మానొద్దు. ఒక షీట్ పెట్టుకుని కంపెనీ, ఊరు, పుట్టిన సంవత్సరం, ఏం చేస్తుంది, ఎవరి నుంచి విడిపోయింది లేదా ఎవరికి అమ్ముతుంది, ఇంతవరకు రాసుకోండి. ఆ చివరి కాలమ్ నింపుతూ పోతేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఫ్రీ అకౌంట్‌లో మనుషుల్ని మరీ ఎక్కువగా సెర్చ్ చేస్తే లింక్డిన్ ఆ నెలకి లిమిట్ పెట్టేస్తుంది, కొత్త నెల మొదట్లో మళ్ళీ తెరుచుకుంటుంది. అందుకని సెర్చ్ బాక్స్ మీద కాకుండా కంపెనీ పేజీల మీద ఎక్కువ ఆధారపడండి.

స్టెప్ 2: పేజీ చదవడం నేర్చుకోండి

చాలామంది కంపెనీ పేజీకి వెళ్ళి పోస్టులు స్క్రోల్ చేసి వచ్చేస్తారు. పోస్టులు ఆఖర్న చూడండి, అవి కంపెనీ మనకి చూపించాలనుకున్నవి. ముందు అబౌట్ ట్యాబ్‌కి వెళ్ళండి, అక్కడ హెడ్‌క్వార్టర్స్, పుట్టిన సంవత్సరం, సైజు, కింద లొకేషన్లు ఉంటాయి. సైజు దగ్గర రెండు నంబర్లు కనిపిస్తాయి, 1,001 నుంచి 5,000 లాంటి రేంజ్ కంపెనీ తనంతట తాను పెట్టుకున్నది, దాని పక్కన వచ్చే సంఖ్య లింక్డిన్‌లో ఆ కంపెనీ పేరు తగిలించుకున్న మెంబర్లది. రెండూ కలవకపోతే తప్పేం కాదు, కానీ తేడా బాగా ఉంటే ఎందుకని ఆలోచించాలి, దీని గురించి కింద ఇంకా చెప్తాను.

ఆ తర్వాత పీపుల్ ట్యాబ్. నా లెక్కలో టూర్ అంతా ఇక్కడే ఉంది. ఎక్కడ ఉంటారు, ఎక్కడ చదివారు, ఏం పని చేస్తారు, ఏం స్కిల్స్ ఉన్నాయి అని బార్లు వస్తాయి, ఒక బార్ మీద నొక్కితే మిగతావన్నీ దానికి తగ్గట్టు మారతాయి. ఉదాహరణకి ఏదైనా కంపెనీలో ముందు నెదర్లాండ్స్ నొక్కి, తర్వాత ఎక్కడ చదివారో చూడండి, ఆ కంపెనీకి ఏ యూనివర్సిటీ పిల్లలు వెళ్తున్నారో తెలిసిపోతుంది. డెల్ఫ్ట్ టెక్నికల్ యూనివర్సిటీ, 1956లో మొదలైన ఐండ్‌హోవెన్ టెక్నికల్ యూనివర్సిటీ, వ్యవసాయానికి పేరున్న వాగెనింగెన్, ఈ మూడు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలాచోట్ల దారి దొరుకుతుంది.

ఇక పక్కన కనిపించే 'ఈ పేజీ చూసినవాళ్ళు ఇవి కూడా చూశారు' లిస్టు, అనుబంధ పేజీలు, ఇవి ఒక ఊరి నుంచి పక్క ఊరికి వెళ్ళే రోడ్లు అనుకోండి. పెద్ద కంపెనీ పేజీ నుంచి దాని చిన్న సప్లయర్ పేజీకి చాలాసార్లు ఇలాగే చేరతాం.

స్టెప్ 3: మొదటి మజిలీ ఐండ్‌హోవెన్, ఒక్క కుటుంబం కథ

ఆమ్స్టర్‌డామ్‌తో మొదలుపెట్టకండి, దక్షిణాన ఉన్న ఐండ్‌హోవెన్‌తో మొదలుపెట్టండి. ఎందుకంటే ఇక్కడ వంశవృక్షం స్పష్టంగా కనిపిస్తుంది, పేజీలు చదవడం ప్రాక్టీస్ అవుతుంది.

ముందు ఫిలిప్స్ పేజీ తెరవండి. 1891లో ఐండ్‌హోవెన్‌లో బల్బుల ఫ్యాక్టరీగా మొదలైన కంపెనీ, కానీ హెడ్‌క్వార్టర్స్ దగ్గర ఆమ్స్టర్‌డామ్ ఉంటుంది, 1997లో అక్కడికి మారిపోయారు. మరి ఐండ్‌హోవెన్‌కి ఏం మిగిలింది అంటే పిల్లలు మిగిలారు. లైటింగ్ విభాగం విడిపోయి 2018లో సిగ్నిఫై అని పేరు మార్చుకుంది. చిప్‌ల విభాగం 2006లో ఎన్‌ఎక్స్‌పి అయింది, అందులోంచి 2017లో ఇంకో ముక్క నెక్స్‌పీరియా అయింది, దాని అడ్రస్ నైమెగెన్. అన్నిటికంటే పెద్దది ఏఎస్‌ఎంఎల్, 1984లో ఫిలిప్స్, ఏఎస్‌ఎం ఇంటర్నేషనల్ కలిసి పెట్టిన జాయింట్ వెంచర్, ఇప్పుడు ఐండ్‌హోవెన్ పక్కనే వెల్డ్‌హోవెన్‌లో ఉంది, అత్యాధునిక చిప్‌లు ముద్రించే ఈయూవీ మెషీన్లు ప్రపంచంలో తయారుచేసేది ఈ ఒక్క కంపెనీయే. ఇంకో సంగతి, 1987లో తైవాన్‌లో చిప్‌లు తయారుచేసే టీఎస్‌ఎంసీ మొదలైనప్పుడు డబ్బు పెట్టినవాళ్ళలో ఫిలిప్స్ కూడా ఉంది, ఇప్పుడు అదే టీఎస్‌ఎంసీ ఈ మెషీన్లు కొనే పెద్ద కస్టమర్. ఒక్క బల్బుల ఫ్యాక్టరీ ఎంతదూరం పాకిందో చూడండి!

ఇప్పుడు పని మీకు. ఏఎస్‌ఎంఎల్ పీపుల్ ట్యాబ్‌లో దేశాల బార్ చూడండి, నెదర్లాండ్స్ తర్వాత అమెరికా, తైవాన్, కొరియా ఎందుకొస్తాయో ఆలోచించండి. అమెరికాలో శాన్‌డియేగో కనిపిస్తే దానికి కారణం సైమర్, లైట్ సోర్స్ తయారుచేసే ఆ కంపెనీని ఏఎస్‌ఎంఎల్ 2013లో కొనేసింది. తైవాన్, కొరియాల్లో ఉన్నవాళ్ళ పని టైటిల్స్ చూస్తే కస్టమర్ ఫ్యాక్టరీల్లో మెషీన్ పక్కనే ఉండి చూసుకునే సర్వీస్ ఇంజినీర్లు చాలామంది తగులుతారు. తర్వాత విడిభాగాలిచ్చే విడిఎల్ పేజీకి వెళ్ళండి, అది ఐండ్‌హోవెన్‌లోనే ఉంది. అద్దాలు మాత్రం జర్మనీలో జైస్ నుంచి వస్తాయి. ఫుట్‌బాల్ ఇష్టం ఉన్నవాళ్ళు పీఎస్‌వీ క్లబ్ పేజీ కూడా చూడండి, 1913లో ఫిలిప్స్ ఉద్యోగుల కోసం పెట్టిన క్లబ్ అది, పేరులో మొదటి అక్షరం ఫిలిప్సే.

ఈ ఒక్క మజిలీ మీద రెండు మూడు సాయంత్రాలు పెట్టినా నష్టం లేదు, మిగతావి దీని తర్వాత తేలిగ్గా అయిపోతాయి.

స్టెప్ 4: నీళ్ళ దారి

ఈ దేశంలో నాలుగో వంతు నేల సముద్రమట్టానికి కింద ఉంది. 1953 జనవరి 31 రాత్రి, ఫిబ్రవరి 1 తెల్లవారేలోపు సముద్రం కట్టలు తెంచుకుని లోపలికొచ్చి నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు, ఆ తర్వాతే డెల్టా వర్క్స్ అనే పెద్ద పెద్ద అడ్డుకట్టల పథకం కట్టారు. ఇది తెలియకుండా అక్కడి కంపెనీ పేజీలు చూస్తే డ్రెడ్జింగ్ కంపెనీలు, అంటే నీళ్ళ అడుగున ఇసుక, మట్టి తోడేవి, ఇన్నెందుకున్నాయో అర్థం కాదు.

రోటర్‌డామ్ పోర్ట్ అథారిటీ పేజీతో మొదలుపెట్టండి, యూరప్‌లో అతిపెద్ద పోర్టు. అక్కడి నుంచి వాన్ ఊర్డ్, ఇది కూడా రోటర్‌డామ్‌దే, 1868 నాటిది, దుబాయ్‌లో సముద్రంలో ఈతచెట్టు ఆకారంలో ఉన్న పామ్ జుమేరా దీవికి ఇసుక పోసింది వీళ్ళే. తర్వాత బోస్కాలిస్, పాపెన్‌డ్రెక్ట్ అనే చిన్న ఊరు, 2021లో ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలవకి అడ్డంగా ఇరుక్కుపోయినప్పుడు దాన్ని కదిలించడానికి వెళ్ళిన స్మిట్ సాల్వేజ్ వీళ్ళ కంపెనీయే. తర్వాత రాయల్ ఐహెచ్‌సీ, డ్రెడ్జింగ్ ఓడలు తయారుచేస్తుంది, ఊరు కిండర్‌డైక్. ఇప్పుడు మ్యాప్‌లో కిండర్‌డైక్, పాపెన్‌డ్రెక్ట్ ఎక్కడున్నాయో పెట్టి చూడండి, దగ్గర్లోనే ఉన్నాయి, ఓడ చేసేవాళ్ళు, ఓడ వాడేవాళ్ళు ఒకే నది ఒడ్డు మనుషులు. కిండర్‌డైక్ అంటే యునెస్కో లిస్టులో ఉన్న ఆ 19 గాలిమరల ఊరే, ఆ గాలిమరలు కూడా నీళ్ళు తోడి పోయడానికి కట్టినవే, అంటే టూరిస్టులు ఫొటో తీసుకునేది, కంపెనీ బతికేది రెండూ ఒకే పని మీద.

నీళ్ళ చదువు కోసం డెల్ఫ్ట్‌లో డెల్టారెస్ అనే రీసెర్చ్ సంస్థ పేజీ చూడండి, డచ్ నీళ్ళ ఇంజినీరింగ్ వేరే దేశాలకి ఎలా వెళ్తుందో వాళ్ళ పోస్టుల్లో బాగా తెలుస్తుంది. పోస్టులు చదవమని నేను మనస్ఫూర్తిగా చెప్పే కొద్ది పేజీల్లో ఇదొకటి.

స్టెప్ 5: గాజు ఇళ్ళ దారి

రోటర్‌డామ్‌కి, హేగ్‌కి మధ్య వెస్ట్‌లాండ్ అనే ప్రాంతం, మ్యాప్‌ని శాటిలైట్ వ్యూలో పెడితే మైళ్ళ తరబడి గ్రీన్‌హౌస్‌లు తెల్లగా మెరుస్తాయి. డె లీర్ అనే చిన్న ఊళ్ళో రైక్ జ్వాన్ అనే కూరగాయ విత్తనాల కంపెనీ ఉంది, అదే ఊళ్ళో గ్రీన్‌హౌస్ లోపల వేడి, తేమ కంట్రోల్ చేసే ప్రివా ఉంది. కొంచెం అవతల కొపెర్ట్ ఉంది, 1967లో ఒక దోసకాయ రైతు మందులు కొట్టి విసిగిపోయి పురుగుల్ని తినే పురుగుల్ని పెంచడం మొదలుపెడితే అది కంపెనీ అయింది, ఇప్పుడు పూలని పరాగసంపర్కం చేసే తుమ్మెదల్ని కూడా అమ్ముతారు. ఈ పేజీల్లో పీపుల్ ట్యాబ్‌లో వాగెనింగెన్ పేరు కోసం చూడండి.

పూల కోసం ఆల్స్‌మీర్‌లో రాయల్ ఫ్లోరాహాలండ్, ఇది పూల రైతుల సహకార సంఘం. ఇక్కడి వేలంలో ధర పైనుంచి కిందికి దిగుతూ వస్తుంది, ముందు బటన్ నొక్కినవాళ్ళకి సరుకు, అందుకే డచ్ వేలం అంటారు. ఉత్తరాన ఎంక్‌హౌజెన్ చుట్టుపక్కల ఇంకో విత్తనాల గుంపు ఉంది, ఎంజా జాడెన్, బేయో లాంటివి, తీరిక ఉంటే వెళ్ళండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఈ గ్రీన్‌హౌస్‌ల్లో టమాటాలు కోసేవాళ్ళు, డబ్బాల్లో సర్దేవాళ్ళు మీకు పీపుల్ ట్యాబ్‌లో దాదాపు కనపడరు. వాళ్ళలో చాలామంది పోలండ్, రొమేనియా నుంచి ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్ళు, వాళ్ళకి లింక్డిన్‌తో పని లేదు. పోర్టు, గిడ్డంగి పనివాళ్ళ విషయం కూడా అంతే. కాబట్టి లింక్డిన్‌లో కనిపించేది ఆఫీసు నెదర్లాండ్స్ మాత్రమే అని గుర్తుపెట్టుకుని చూడాలి. మిగతా సగం కొంచెమైనా కనిపించాలంటే టెంపరరీ మనుషుల్ని పంపే ఏజెన్సీల పేజీల్లో ఉద్యోగ ప్రకటనలు చదవండి, ఈ వ్యాపారంలో ప్రపంచస్థాయి కంపెనీ రాండ్‌స్టాడ్ కూడా ఇక్కడే 1960లో పుట్టింది. బస ఇస్తారా, ఏ భాష అడుగుతున్నారు, ఏ షిఫ్టు అనేది చూస్తే పేజీల మీద రాయని దేశం తెలుస్తుంది.

స్టెప్ 6: బొగ్గు పోయిన ఊరు, గ్యాస్ ఆగిన ఊరు

దక్షిణ కొసన లింబర్గ్, బొగ్గు గనుల ప్రాంతం. 1902లో పెట్టిన ప్రభుత్వ గనుల కంపెనీయే డీఎస్‌ఎం, ఆ పేరులో ఉన్నది డచ్ ప్రభుత్వ గనులు అనే. 1974 చివరికి గనులన్నీ మూసేశారు, కంపెనీ మాత్రం కెమికల్స్‌కి, తర్వాత విటమిన్లకి మారి 2023లో స్విట్జర్లాండ్ సుగంధాల కంపెనీ ఫిర్మెనిష్‌తో కలిసి డీఎస్‌ఎం-ఫిర్మెనిష్ అయింది. ఆ పేజీ ఒకటి, గెలీన్‌లో కెమెలాట్ అనే ఇండస్ట్రియల్ సైట్ పేజీ ఒకటి చూడండి. ఆ తర్వాత హేర్లెన్ ఊరికి వెళ్తే పెద్ద పెన్షన్ ఫండ్ ఏబీపీ, గణాంకాల సంస్థ సీబీఎస్ ఆఫీసు అక్కడ కనిపిస్తాయి, గనులు మూతపడ్డాక ఆ జనానికి పని ఉండాలని ప్రభుత్వం ఉద్యోగాల్ని కావాలని అక్కడికి తరలించింది. ఇలాంటివి చూసినప్పుడే ఒక ఆఫీసు అడ్రస్ వెనకాల ఎంత కథ ఉంటుందో అర్థమవుతుంది.

ఉత్తర కొసన గ్రోనింగెన్, 1959లో ఇక్కడ యూరప్‌లోనే అతిపెద్ద గ్యాస్ నిల్వ బయటపడింది. గ్యాస్ తీస్తే భూకంపాలు రావడం మొదలైంది, 2012లో హౌజింగె దగ్గర 3.6 తీవ్రతతో వచ్చింది, ఇళ్ళు పగుళ్ళిచ్చాయి, చివరికి 2023 అక్టోబర్‌లో ఉత్పత్తి ఆపేశారు. పైపులు నడిపే గాసునీ కంపెనీ అక్కడే ఉంది, ఇప్పుడు వాళ్ళ పోస్టుల్లో, ఉద్యోగాల్లో హైడ్రోజన్ అనే మాట ఎంత తరచుగా వస్తుందో చూడండి.

పాల దారి కూడా ఉంది, త్వరగా చెప్పేస్తాను. రైతుల సహకార సంఘం ఫ్రీస్‌లాండ్ కాంపినా, పాలు పితికే రోబోలు చేసే లేలీ, ఈ రెండూ చూస్తే సరిపోతుంది.

స్టెప్ 7: ఉత్తుత్తి అడ్రస్‌లు కనిపెట్టడం

ఆమ్స్టర్‌డామ్‌ని ఇక్కడిదాకా ఎందుకు ఆపానంటే అక్కడే మోసపోతాం. ఆడియెన్ 2006లో అక్కడే పుట్టిన పేమెంట్స్ కంపెనీ, నిజంగా అక్కడే పనిచేస్తుంది. బుకింగ్ డాట్ కామ్ 1996లో నెదర్లాండ్స్‌లోనే పుట్టింది, హెడ్‌క్వార్టర్స్ ఆమ్స్టర్‌డామ్‌లోనే, మనుషులూ అక్కడే ఉన్నారు, కానీ 2005 నుంచి ఓనర్ అమెరికా కంపెనీ. ఇంకో పక్క ఫెరారీ ఎన్.వి. కాగితాల మీద డచ్ కంపెనీ, స్టెలాంటిస్ కూడా అంతే, ఎయిర్‌బస్ రిజిస్టర్డ్ ఆఫీసు లైడెన్‌లో ఉంది. కార్లు, విమానాలు తయారయ్యేది వేరే దేశాల్లో, ఇక్కడ ఉన్నది చట్టం, పన్ను, షేర్ల వ్యవహారాలకి పనికొచ్చే అడ్రస్.

కనిపెట్టడం తేలికే. పీపుల్ ట్యాబ్‌లో ఎక్కడ ఉంటారో చూడండి, ఫెరారీ అయితే ఇటలీ బార్ ఆకాశాన్ని అంటుతుంది. నెదర్లాండ్స్‌లో ఉన్న కొద్దిమంది టైటిల్స్ టాక్స్, లీగల్, ట్రెజరీ అని ఉంటే సంగతి అర్థమైపోయినట్టే. ఏ పేజీలో హెడ్‌క్వార్టర్స్ నెదర్లాండ్స్ అని కనిపించినా ఈ చెక్ చేశాకే మీ షీట్‌లో రాయండి. దీనికి వ్యతిరేకం కూడా ఉంది, షెల్ ఇప్పుడు లండన్ కంపెనీ, 2022లో మారిపోయింది, కానీ నెదర్లాండ్స్ బార్ నొక్కి చూస్తే ఇంకా ఎంతమంది ఉన్నారో కనిపిస్తారు.

స్టెప్ 8: పోస్టులు, భాష, మనుషులు

ఇప్పుడు పోస్టులు చదవండి. పేజీ మొత్తం ఇంగ్లీష్‌లో నడుస్తుంటే ఆ కంపెనీ ప్రపంచంలో ఎక్కడి నుంచైనా మనుషుల్ని, కస్టమర్లని వెతుక్కుంటోంది, డచ్‌లో నడుస్తుంటే దాని లోకం అక్కడి జనమే. పోస్టు కింద ట్రాన్స్‌లేషన్ బటన్ ఉంటుంది, పరవాలేదనిపించేలా పనిచేస్తుంది. అవార్డులు, పండగ శుభాకాంక్షలు వదిలేయండి, రిటైర్ అయ్యేవాళ్ళ గురించి, కొత్త ప్లాంట్ గురించి, ఫెయిలైన ప్రాజెక్ట్ గురించి రాసినవి చదవండి, వాటి కింద ఉద్యోగులు పెట్టే కామెంట్లలో పోస్టుకంటే ఎక్కువ నిజం ఉంటుంది.

ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రైవేట్ మోడ్ తీసేసి మీ పేరుతోనే పలకరించండి. 'జాబ్ ఉందా' అని మొదలుపెట్టకుండా వాళ్ళ పని గురించి ఒక్క నిర్దిష్టమైన ప్రశ్న అడగండి. డచ్ వాళ్ళు సూటిగా మాట్లాడతారు, కుదరదంటే కుదరదనే అంటారు, దానికి నొచ్చుకోవద్దు.

స్టెప్ 9: బయట సరిచూసుకోవడం

పేజీలో ఉన్నది కంపెనీ చెప్పుకున్నది కాబట్టి, పుట్టిన సంవత్సరం, ఓనర్ ఎవరు అనేవి యాన్యువల్ రిపోర్ట్‌లో చూసుకోండి. డచ్ కంపెనీలన్నీ కేవీకే అనే వాణిజ్య రిజిస్టర్‌లో ఉంటాయి, పేరు కొడితే కనీస వివరాలు వస్తాయి. పేరు చివర బి.వి. అంటే ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది, ఎన్.వి. అంటే పబ్లిక్ లిమిటెడ్ లాంటిది, షేర్ మార్కెట్‌లో ఉన్న డచ్ కంపెనీలు చాలావరకు ఇవే. ముందు రాయల్ అని ఉంటే మామూలుగా నూరేళ్ళు దాటిన కంపెనీ అని అర్థం, కేఎల్‌ఎం మాత్రం మినహాయింపు, 1919లో పుట్టినప్పుడే ఆ బిరుదు వచ్చింది.

తిరుగుతూ తిరుగుతూ అక్కడ పనిచేయాలనిపించినవాళ్ళు ఇంకో చోట కూడా చూడాలి. యూరప్ బయటి నుంచి నిపుణుల్ని హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ వీసా మీద తీసుకోవాలంటే ఆ కంపెనీకి డచ్ ఇమిగ్రేషన్ సంస్థ ఐఎన్‌డీ ఇచ్చే గుర్తింపు ఉండాలి, ఆ గుర్తింపు ఉన్న కంపెనీల లిస్టు ఐఎన్‌డీ సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టారు. మీ షీట్‌లో నచ్చిన కంపెనీల పక్కన ఇంకో కాలమ్ పెట్టి ఆ లిస్టులో ఉందో లేదో రాసుకోండి, పేరు మాత్రం బి.వి.తో సహా అక్షరం అక్షరం కలవాలి, ఎందుకంటే లింక్డిన్‌లో ఉండేది బ్రాండ్ పేరు, అక్కడ ఉండేది రిజిస్టర్ అయిన పేరు.